ప్రాథమిక తరగతుల వారపు బోధన

బడిలో చేరిన తొలి రెండు మూడేళ్లలో పిల్లలకు ఏ వారం ఏం చెప్పాలి, ఎంత సాధన చేయించాలి, వచ్చిందో లేదో ఎప్పుడు చూసుకోవాలి అని ముందుగా వేసుకునే ఏర్పాటే వారపు బోధన. ఏడాది పాఠ్యప్రణాళికను రాష్ట్రం నిర్ణయిస్తుంది. రోజువారీ పాఠం ఉపాధ్యాయుల డైరీలో ఉంటుంది. ఈ రెంటికీ మధ్య కొలమానంగా వారం నిలిచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లోని 1, 2 తరగతులు ఈ వ్యాసానికి ప్రధాన విషయం. పై తరగతులను, ప్రైవేటు బడులను, ప్రవాస తెలుగు పిల్లల వారాంతపు బడులను అవసరమైన మేరకు ప్రస్తావిస్తుంది.

నిర్వచనం, పరిధి

వారపు బోధన ప్రధానంగా మూడు రంగాలకు చెందింది: మాతృభాష లేదా బోధనా భాష, గణితం, ఇంగ్లిషు. పరిసరాల విజ్ఞానం 3వ తరగతి నుంచి విడి పాఠ్యాంశంగా మొదలవుతుంది. అంతవరకు ఇల్లు, నీళ్లు, చెట్లు, జంతువులు, పండుగలు వంటి విషయాలు భాషా పాఠాల్లోనే కలిసిపోయి వస్తాయి. ఆటలు, బొమ్మలు, పాటలు, ఆరోగ్యపు అలవాట్లకూ వారంలో చోటుంటుంది. టైంటేబుల్‌లో ఉన్నంత చోటు తరగతిలో దొరకడం మాత్రం అరుదు.

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశ అంది. ఇందులో మూడేళ్లు బడికి ముందువి, రెండేళ్లు 1, 2 తరగతులవి. ఈ దశలో సాధించాల్సిన చదవడం, రాయడం, లెక్కించడం అనే మూడింటినీ కలిపి మౌలిక భాషా, గణిత సామర్థ్యాలు అంటారు. బడుల్లో వాడుక పేరు ‘ఎఫ్‌ఎల్‌ఎన్’. (చూ. నిపుణ్ భారత్, తొలిమెట్టు)

చరిత్ర: వీధిబడి

తెలుగునాట పాత వీధిబడికి వారంతో పని లేదు. దాని కాలెండర్ తిథులది. అమావాస్య, పౌర్ణమి వంటి అనధ్యయన దినాలే దానికి సెలవులు. ఆదివారం సెలవు ఈస్టిండియా కంపెనీ కచేరీలతో, మిషనరీ బడులతో వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో వారపు సెలవు శుక్రవారం.

వీధిబడిలో ఏం చెప్పేవారో తెలుసుకోవడానికి మంచి ఆధారం మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణ. దానికి బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నింటికన్నా వివరమైనది. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులుండగా వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. పిల్లలు ఐదో ఏట బడిలో చేరేవారు. మొదట నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. తరువాత గుణింతాలు, ఆ తరువాత మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, జంతువుల పేర్లు, చివరికి అంకెలు. నూరు దాకా లెక్కించడం, ఎక్కాలు, డబ్బు లెక్కలు, కొలతలు ఆపైన వచ్చేవి. ఈ క్రమం పేర్లు మారి నేటి వాచకాల్లోనూ చాలావరకు కనిపిస్తుంది.

కాంప్‌బెల్ రాసిన మరో సంగతి హాజరు గురించి. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడి చేతిలో సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తరువాత వచ్చిన వాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ఖర్చు తక్కువ కావడాన్నీ, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పడాన్నీ కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. పిల్లలు కంఠతా పట్టే పద్యకావ్యాల అర్థం వారికీ, చాలాసార్లు పంతులుకూ తెలియదని విమర్శించాడు. అర్థం తెలియకుండా వల్లించడం మీద తెలుగు బడులు నేటికీ వింటున్న విమర్శకు ఇది రెండు వందల ఏళ్ల నాటి రూపం.

ఇసుకలో దిద్దే పద్ధతి ఇంగ్లండ్ దాకా వెళ్లింది. మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన శాలలో ప్రవేశపెట్టాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే విధానాన్ని కూడా కలిపి 1797లో లండన్‌లో ఒక పుస్తకం వేశాడు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది.

చరిత్ర: అచ్చు వాచకం నుంచి చట్టం వరకు

19వ శతాబ్దిలో అచ్చు వాచకం రావడంతో బోధన పేజీల లెక్కకు మారింది. పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్ష పలుమార్లు పెరిగి ‘పెద్ద బాలశిక్ష’గా ప్రతి ఇంటికీ చేరింది. అక్షరమాల, గుణింతాలు, ఎక్కాలు, తిథివార నక్షత్రాలు, నీతివాక్యాలు ఒకే పుస్తకంలో ఉండేవి. 1860ల నుంచి మద్రాసు ప్రభుత్వం పరీక్షా ఫలితాలను బట్టి బడులకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చే నాటికి ఫలానా పేజీ దాకా పూర్తయి ఉండాలన్న పట్టింపు ఆ కాలానిదే. ‘సిలబస్ పూర్తి చేయడం’ అన్న మాటకు ఉన్న బలం అక్కడి నుంచే వచ్చిందనుకోవచ్చు.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన మార్పుల్లో తరగతి గదిని నేరుగా తాకినవి కొన్నే. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (అపెప్) చేసి నేర్చుకోవడం, జట్టు పని, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడలకు ప్రదర్శించడం వంటి సూత్రాలను ప్రవేశపెట్టింది. తరగతి గదిలో దారం కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసే అలవాటుకు అది ఊతమిచ్చింది. 1990ల తొలినాళ్లలో ఆర్.హెచ్. దవే సంఘం సూచించిన కనీస అభ్యసన స్థాయిలు సామర్థ్యాల జాబితాను తెచ్చాయి. ఆ తరువాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), 2001 నుంచి సర్వశిక్షా అభియాన్, 2018 నుంచి సమగ్ర శిక్ష వచ్చాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని ఆధారంగా 2011లో ఉమ్మడి రాష్ట్రం రూపొందించిన చట్రం వాచకాల స్వరూపాన్నే మార్చాయి.

చట్టం, కాలెండర్, టైంటేబుల్

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలంది. అంటే రోజుకు 4 గంటలు, ఆరు రోజుల వారానికి 24 గంటలు. ఉపాధ్యాయులకు సన్నద్ధతతో కలిపి వారానికి 45 గంటల పని నిర్దేశించింది. చట్టం వారాన్ని లెక్కలోకి తీసుకున్న చోటు ఇదొక్కటే. ఆచరణ సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని కూడా ఆ చట్టం 29వ సెక్షన్ చెబుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ 12న తెరిచి ఏప్రిల్ 23 దాకా నడుస్తాయి. అకడమిక్ కాలెండర్‌లో 220 ప్రాంతంలో చూపే పనిదినాలను ఆరుతో భాగిస్తే 36, 37 వారాలు వస్తాయి. దసరా, సంక్రాంతి సెలవుల అంచుల్లో తెగిపోయే వారాలు, పరీక్షల వారాలు తీసేస్తే పాఠానికి మిగిలేవి ముప్పై చిల్లర. వర్షాలకు బడి మూసిన రోజులు, ఉన్న ఒక్క టీచరును శిక్షణకో, సర్వేకో పంపిన రోజులు ఆ చిల్లరను తినేస్తాయి.

ఒకటో తరగతిలో మొదటి పన్నెండు వారాలకు ప్రత్యేకత ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించి 2021 జులైలో విడుదల చేసిన ‘విద్యా ప్రవేశ్’ బడికి సంసిద్ధం చేసే మూడు నెలల ఆటపాటల కార్యక్రమం. ఇది రోజుకు నాలుగు గంటల చొప్పున, వారాలవారీగా రాసిన ప్రణాళిక. ఆరోగ్యంగా, హాయిగా ఉండటం, చక్కగా మాట్లాడి వ్యక్తపరచడం, చుట్టూ ఉన్నదాన్ని శ్రద్ధగా గమనిస్తూ నేర్చుకోవడం దాని మూడు లక్ష్యాలు. అంగన్‌వాడీకి గానీ ఎల్‌కేజీకి గానీ వెళ్లకుండా నేరుగా ఒకటో తరగతిలోకి వచ్చే బిడ్డకు ఈ వారాలు తప్పనిసరి. జులై నాటికే అక్షరమాల రాయాలని ఇంట్లోవాళ్లు ఆశించే చోట వీటిని కుదించేయడం మామూలు.

తెలుగు: అక్షరం నుంచి వాక్యానికి

తొలి తరగతుల వారపు బోధనలో ఎక్కువ సమయం తీసుకునేది తెలుగే. కారణం లిపి స్వభావంలో ఉంది. ఇంగ్లిషులో 26 అక్షరాలు నేర్చుకున్నాక కష్టం స్పెల్లింగుల్లో మొదలవుతుంది. తెలుగులో ఉచ్చారణకూ రాతకూ పొంతన ఎక్కువ, కానీ రూపాలు చాలా ఎక్కువ. క్ష కలిపి 36 హల్లులకు ఒక్కొక్కదానికి 16 గుణింత రూపాలు లెక్కగడితే 576. వాటిలో ఙ, ఞ వంటి వాటి గుణింతాలు వాడుకలో దాదాపు లేకపోయినా, మిగిలినవే వందల్లో ఉంటాయి. ఆపైన ఒత్తులు. సోదర లిపి అయిన కన్నడంలో పిల్లలు చదవడం నేర్చుకునే వేగంపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, ఇలాంటి లిపుల్లో అక్షరజ్ఞానం పూర్తికావడానికి తొలి ఒకటి రెండేళ్లు చాలవని చూపింది. ఒకటో తరగతి పూర్తికాగానే గలగలా చదవాలని కోరడం లిపిని మరిచిన కోరిక.

పాత క్రమంలో అ, ఆ, ఇ, ఈ అంటూ అచ్చులన్నీ, తరువాత హల్లులన్నీ, ఆపైన గుణింతాలు, ఒత్తులు వరుసగా సాగేవి. పదం చదవడానికి బిడ్డ నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. ఇప్పటి వాచకాలు చిత్రంతో, గేయంతో మొదలై పదంలోకి, పదంలోంచి అక్షరంలోకి వెళతాయి. ‘తల’, ‘వల’, ‘అల’, ‘పలక’ వంటి సరళ పదాల్లో నాలుగైదు అక్షరాలే తిరిగి తిరిగి వస్తాయి కాబట్టి మొదటి కొన్ని వారాల్లోనే చదివిన సంతృప్తి కలుగుతుంది. తరువాత కొమ్ములు, గుడులు, ఏత్వాలు చేరుతాయి. వర్ణమాల వరుస పిల్లలకు పాటగా వస్తుంది. దాన్ని పూర్తిగా వదిలేయాలని వాదించేవారు తక్కువ.

పొరపాట్లకు ఒక తీరుంది. ప, వ, మ, ష, ఫ ఒకదానికొకటి మారుతుంటాయి. ద, ధ, థల మధ్య చుక్కకూ గీతకూ తేడా కళ్లకు ఆనదు. దీర్ఘం వినిపించినా రాయరు. అందుకే ఒకే పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో పరిచయం చేయకపోవడం మంచి ప్రణాళికకు గుర్తు. (చూ. గుణింతం, తలకట్టు)

రెండో తరగతిలో ఒక వారం

ద్విత్వాక్షరాల వారాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. సోమవారం పాఠం చిత్రంతో మొదలవుతుంది. ఇంటి పెరట్లో అక్క, అవ్వ, కుక్క, చెట్టు కింద గుడ్డు పెట్టిన కోడి. టీచర్ రాయమనరు, అడుగుతారు: అవ్వ ఎవరిని పిలుస్తోంది? కుక్క కోడిని చూస్తే ఏమవుతుంది? ఒక పిల్లవాడు ‘కోడి కొక్కొక్కో అంటది’ అంటే, మరొకరు ‘మా ఇంటికాడ కుక్క కోడిని పట్టింది’ అంటారు. ఇంటి మాటను దిద్దకుండా తీసుకోవడం ఈ దశలో పద్ధతి. మాట్లాడే ధైర్యం పోతే మిగతా వారమంతా వృథా.

మంగళవారం గేయాన్ని వేలితో చూపిస్తూ చదవడం. అందులో వచ్చిన ఒత్తు పదాలను నల్లబల్ల మీద విడిగా రాస్తారు. బుధవారం అసలు చిక్కు వస్తుంది. ‘గుడ్డు’లో డ కింది ఒత్తు తలకట్టు తీసేసిన డ లాగే కనిపిస్తుంది, ‘గ్గ’ కూడా అంతే. ‘అమ్మ’, ‘అత్త’, ‘అన్న’, ‘పిల్ల’ల్లో ఒత్తులు అసలు అక్షరాలను పోలవు. త, న, మ, య, ర, లల ఒత్తులను వేరుగా, ఎక్కువసార్లు దిద్దించాల్సిందే. ‘అటు’కూ ‘అట్టు’కూ, ‘గుడి’కీ ‘గుడ్డి’కీ తేడాను చెవితో పట్టిస్తే చేయి త్వరగా పడుతుంది. గురువారం పలక మీద, నోటుబుక్కులో సాధన, కార్డులతో జతలు కలిపే ఆట. శుక్రవారం తెలియని చిన్న పేరాను ఎవరికి వారు చదవడం, చెప్పిన పదాలు రాయడం. శనివారం వెనకబడిన అయిదారుగురిని దగ్గర కూర్చోబెట్టుకోవడం, మిగతావాళ్లకు కథల పుస్తకాలు.

2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇదే పనిని నాలుగు భాగాలుగా చెప్పింది: మౌఖిక భాష, పదాలను గుర్తించడం, చదవడం, రాయడం. చదవడంలోనూ టీచర్ చదివి వినిపించేది, కలిసి చదివేది, సాయంతో చదివేది, సొంతంగా చదివేది అన్న మెట్లున్నాయి. ‘నేను చేస్తాను, మనం చేద్దాం, నువ్వు చెయ్యి’ అన్న వరుస శిక్షణల్లో టీచర్లకు కంఠతా వచ్చేసింది. రాష్ట్ర వాచకాల్లో ప్రతి పాఠం వెనుకా ‘నేను ఇవి చేయగలనా?’ వంటి పట్టిక కనిపిస్తుంది. బిడ్డ తన్ను తాను చూసుకోవడానికి ఉద్దేశించిన ఈ పట్టికలో చాలాచోట్ల టిక్కులు టీచరే పెట్టేస్తారు.

గణితం

ఒకటో తరగతిలో వస్తువులను జతచేయడం, ఎక్కువ తక్కువలు, 1 నుంచి 9, సున్న, పది, ఆపై 99 వరకు సంఖ్యలు, చిన్న కూడికలు, తీసివేతలు ఉంటాయి. రెండో తరగతిలో మూడంకెల సంఖ్యలు, స్థాన విలువలు, ఒకట్ల నుంచి పదులకు మార్చే కూడిక, గుణకారానికి పరిచయం, డబ్బు, కాలం, ఆకారాలు వస్తాయి. చేత్తో పట్టుకునే వస్తువు, దాని బొమ్మ, ఆ తరువాతే అంకె అన్నది అంగీకరించిన వరుస. చింతగింజలు, పుల్లల కట్టలు, పూసల చట్రం దీనికి సాధనాలు. 27కు 15 కలిపేటప్పుడు ఏడూ అయిదూ పన్నెండు పుల్లలు విడిగా ఉంటాయి. వాటిలో పదింటికి రబ్బరు బ్యాండు వేసి కట్ట చేస్తే కట్టలు నాలుగు, విడివి రెండు. ‘రెండు వేసి ఒకటి చేతిలో పెట్టుకో’ అన్న మాట అప్పుడు అర్థమవుతుంది.

సంఖ్యల పేర్లలో పదకొండు నుంచి పంతొమ్మిది దాకా వినగానే అంకెలు పట్టుకోవడం కష్టం. ఇరవై దాటాక ‘ఇరవై ఒకటి, ఇరవై రెండు’ అని తేటగా సాగుతుంది. కాబట్టి 11 నుంచి 19 వరకు ఎక్కువ వారాలు కేటాయించడం సబబు. నూరు దాటాక ‘నూట రెండు’ అనగానే 1002 అని రాయడం రెండో తరగతిలో తరచూ కనిపించే తప్పు. విన్నది విన్నట్టు రాయడమే దానికి కారణం. తీసివేతలో 42 లోంచి 17 తీయమంటే 35 అనేవారూ ఉంటారు. పైదా కిందిదా అని చూడకుండా పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీస్తారు. ఈ తప్పులను ఆ వారమే పట్టకపోతే మూడో తరగతిలో భాగహారం దగ్గర బయటపడతాయి. (చూ. స్థాన విలువ, ఎక్కాలు)

ఇంగ్లిషు, మాధ్యమం

ఒకటో తరగతి నుంచే ఇంగ్లిషు పాఠ్యాంశం. తొలి వారాల్లో ఆజ్ఞలు విని చేసే ఆటలు, రైములు, చిత్రాల పేర్లు, తరువాత అక్షరాల ధ్వనులు, మూడక్షరాల మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నింటినీ ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చాలన్న 2019 నాటి ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత వచ్చిన వాచకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ముద్రించే పద్ధతి వచ్చింది. లెక్క ఒకటే అయినా రెండు భాషల్లో చెప్పాల్సి రావడంతో వారపు ప్రణాళికలో సమయం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న టీచర్లది. ఇంగ్లిషు లేకపోతే పిల్లలు ప్రైవేటుకు పోతారన్న భయం ప్రభుత్వాలది. రెండూ నిజమే.

రకాలు

పాఠ్యపుస్తకాన్ని పట్టుకుని వారానికి ఇన్ని పేజీలని సాగేది ఎక్కువ బడుల్లో ఉన్న రకం. దీనికి ఎదురుగా నిలిచేది స్థాయిని బట్టి బోధన. ప్రథమ్ సంస్థ అనుభవం నుంచి వచ్చిన ఈ పద్ధతిలో తరగతితో నిమిత్తం లేకుండా అక్షరాల స్థాయి, పదాల స్థాయి, పేరా స్థాయి అని జట్లు కడతారు. తెలుగు రాష్ట్రాలు వేర్వేరు పేర్లతో దీన్ని పలుమార్లు ప్రయత్నించాయి.

అసలు వారమే లేని రకం కూడా తెలుగు నేల మీదే పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పాఠశాలకు అనుబంధంగా, చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపింది. ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలుంటే అందరికీ ఒకే వారపు పాఠం కుదరదు. అందుకని పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలా మెట్లు గీశారు. బిడ్డ తన మెట్టు చూసుకుని కార్డు తీసుకుంటుంది. కొన్ని పనులు టీచర్‌తో, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా. పది రోజులు బడికి రాని బిడ్డ తిరిగొచ్చాక ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. పత్తి ఏరే రోజుల్లో, వలస కాలంలో పిల్లలు మానేసే పల్లెల్లో దీని విలువ తెలుస్తుంది. ఈ నమూనా ఆధారంగానే తమిళనాడు 2000ల్లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతటా కార్డుల బోధనను విస్తరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్నేహబాల కార్డులు వచ్చాయి, కొంతకాలం నడిచి అటకెక్కాయి. కార్డులు చిరిగినా, పోయినా మళ్లీ అచ్చువేసి ఇచ్చే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతి నిలవదు.

ఆదివాసీ ప్రాంతాల్లో బడి భాష, ఇంటి భాష వేరు. 20వ శతాబ్ది తొలినాళ్లలో గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు, బడి పెట్టారు. ఉమ్మడి రాష్ట్రం 2003-04లో సవర, కువి, కోయ, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామీ, లంబాడీ భాషల్లో తొలి తరగతుల వాచకాలు తయారుచేయించింది. వాటిలో మొదటి ఏడాది వారాలన్నీ ఇంటి భాషలోనే సాగి, క్రమంగా తెలుగు పెరుగుతుంది.

ప్రవాస తెలుగు పిల్లలకు వారపు బోధన అంటే అక్షరాలా వారానికొక తరగతే. 2007లో సిలికానాంధ్ర సంస్థ మొదలుపెట్టిన మనబడి అమెరికాలో, ఇతర దేశాల్లో వారాంతాల్లో స్వచ్ఛంద ఉపాధ్యాయులతో నడుస్తోంది. ప్రవేశం, ప్రసూనం, ప్రమోదం, ప్రకాశం వంటి స్థాయిలున్నాయి. రెండు తరగతుల మధ్య ఆరు రోజులు ఇంట్లో తెలుగు వినిపించకపోతే గత వారపు అక్షరం మళ్లీ కొత్తగానే ఉంటుంది.

మూల్యాంకనం

రాష్ట్రాల్లో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాల చట్రం స్థిరపడింది. టీచర్ల నోట ఇవి ఎఫ్‌ఏ, ఎస్‌ఏలు. జాతీయ స్థాయిలో 2021 జులై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం ఏ తరగతికి ఏం రావాలో మెట్లు నిర్ణయించింది. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి నాలుగైదు సరళ పదాల వాక్యాలను చదవాలి, 99 వరకు సంఖ్యలు చదివి రాయాలి. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, 999 వరకు సంఖ్యలు. మూడో తరగతిలో కనీసం 60 పదాలు, 9999 వరకు సంఖ్యలు. తెలంగాణ 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ పేరుతో 1 నుంచి 5 తరగతులకు తన కార్యక్రమం మొదలుపెట్టింది.

నిమిషానికి పదాల లెక్క తెలుగుకు అచ్చంగా సరిపోదు. ‘చదవలేకపోతున్నాడు’ తెలుగులో ఒకే పదం. హిందీలో అదే భావానికి నాలుగైదు పదాలు పడతాయి, నాలుగైదు మార్కులూ పడతాయి. 2022లో జరిగిన జాతీయ పునాది అభ్యసన అధ్యయనం భాషలవారీగా వేరు వేరు ప్రమాణాలు నిర్ణయించడానికి ఇదొక కారణం.

ఇల్లు, సంచి, హోంవర్క్

ప్రైవేటు బడులు ఆ వారం చెప్పబోయే పాఠాలను డైరీలోనో వాట్సాప్ గ్రూపులోనో పంపుతాయి. ప్రభుత్వ బడుల్లో ఈ సమాచారం సాధారణంగా తల్లిదండ్రుల సమావేశం రోజునే అందుతుంది. 2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు మించకూడదు. రెండో తరగతి దాకా హోంవర్క్ ఉండకూడదు, 3 నుంచి 5 తరగతులకు వారానికి రెండు గంటలకు మించకూడదు. అంతకు ముందే 2017లో తెలంగాణ 1, 2 తరగతుల సంచి బరువును కిలోన్నరకు పరిమితం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2025-26 నుంచి శనివారాలను సంచి లేని రోజులుగా ప్రకటించింది. హోంవర్క్ ఇవ్వని బడిలో చదువు చెప్పడం లేదని నమ్మే తల్లిదండ్రులు ఉన్నంతకాలం ఈ నియమాలు కాగితం దాటి రావడం కష్టం.

విమర్శలు

వారాలవారీ ప్రణాళికకు అనుకూలంగా చెప్పే ప్రధాన వాదన, కొత్తగా చేరిన టీచరుకూ, బదిలీ మీద వచ్చినవారికీ దారి దొరుకుతుందని. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూసే బడుల్లో ఏ గంటకు ఎవరికి ఏ పని అన్నది ముందే రాసి ఉండటం తప్పనిసరి కూడా. వ్యతిరేక వాదన, రాష్ట్రమంతటా ఒకే వారం ఒకే పాఠం అనేసరికి వెనకబడిన బిడ్డ కోసం ఆగే స్వేచ్ఛ పోతుందని. దానికి తోడు టీచరు ఒక్క వారానికి వార్షిక ప్రణాళిక, పాఠ్య ప్రణాళిక, డైరీ, యాప్‌లో నమోదు అంటూ ఒకే సంగతిని నాలుగు చోట్ల రాయాల్సి వస్తోంది. పాఠానికి పెట్టాల్సిన సమయం అందులో పోతోందన్న ఫిర్యాదులో న్యాయముంది. వారం చివర పునశ్చరణకు ఒక రోజు వదిలిన ప్రణాళికలు రెండు వాదాలకూ మధ్యేమార్గం. ఆ ఒక్క రోజును సెలవులకో, ఉత్సవాలకో ఇచ్చేయకుండా కాపాడుకున్న బడుల్లోనే అది పనిచేస్తుంది.

మూడో తరగతి పూర్తయ్యేసరికి దేశంలోని ప్రతి బిడ్డకూ మౌలిక సామర్థ్యాలు రావాలని నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026-27. 2024-25లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఆ ఏడాది మూడో తరగతిలో ఉంటారు.